ఉడుతల మేతకి మూత పెట్టె కన్నా కొబ్బరి చిప్పే నయం: నాలుగేళ్ల వాడకం

కోనసీమ పెరట్లో ఉడుత ఆకలి తీర్చడానికి మనం మేత పెట్టక్కర్లేదు. జామ, సపోటా, బాదంచెట్టు కాయలు, పూలు, పురుగులు దానికి ఉండనే ఉన్నాయి. ఈ ఏర్పాటంతా మనం చూసి సంబరపడ్డానికే. కాబట్టి మేత కొద్దిగా, శుభ్రంగా ఉండాలి, ఉడుత బాగా కనపడాలి. ఈ మూడింటినీ బట్టే ఈ సమీక్ష.

ఆన్‌లైన్లో దొరికే మూత పెట్టెకి ముందు అద్దం, పైన కీళ్ల మీద లేచే మూత ఉంటాయి. మూత ఎత్తి లోపలి వేరుశనగ కాయ తీసుకోవడం ఉడుత పని. ఇది అమెరికా బూడిద రంగు ఉడుత కొలతకి చేసిన సరుకు. అదేమో అర కిలో దాకా తూగుతుంది, మన చారల ఉడుత నూరు గ్రాముల ప్రాణి. మూత కింద పుల్ల అడ్డం పెట్టి రెండు వేళ్ల సందు ఉంచితే గాని తల దూర్చలేదు. ఆ సందులోంచే వాన జల్లు లోపలికి కొట్టింది. రెండో వానాకాలానికి ప్లైవుడ్ ఉబ్బింది, ఉప్పుగాలికి కీళ్లు తుప్పు పట్టాయి. పైగా పెట్టె నిండా పోసే అలవాటొకటి మనకి. పై కాయలు ఖాళీ అవుతుంటాయి, అడుగువి మాత్రం చెమ్మపట్టి బూజెక్కుతాయి. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. కాయ విప్పితే గుల్ల లోపల నల్లగా గాని, పప్పు మీద పచ్చటి పొడి గాని కనపడితే ఆ పొట్లం మొత్తం పారేయడమే.

కొబ్బరి చిప్పకి ఈ బాధ లేదు. కాయ పగలగొట్టినప్పుడు కళ్లున్న సగం తీసుకోండి. మూడు కళ్లలో ఒకటి మెత్తన, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతుంది. మిగతా రెండింటికీ డ్రిల్లు కావాలి. వాననీరు పోవడానికి ఆ మూడు చిల్లులు చాలు. అంచు కింద రెండు చోట్ల చిల్లు పెట్టి, బైండింగ్ వైరుతో మామిడి కొమ్మకో, పాతిన సరుగుడు గుంజకో బిగించి కట్టాలి. వేలాడదీస్తే ఊగి కాయలన్నీ ఒలికిపోతాయి. పీచు తాడు వద్దు, ఉడుత గూటికని పీక్కుపోతుంది. నైలాను అసలే వద్దు, ఆ పోగులు గూట్లో పిల్లల కాళ్లకి చుట్టుకుంటాయి. కొబ్బరి మానుకి మేకు కొట్టడం అన్నిటికన్నా తప్పు. కొబ్బరికి గాయం పూడదు, ఎర్రముక్కు పురుగుకి దారి ఇచ్చినట్టే.

ఎత్తు ఐదారు అడుగులుండాలి. పిల్లి నక్కడానికి వీల్లేకుండా కింద పొదలు తీసేయండి.

మేత సంగతి. పొద్దున్నే గుల్లతో ఉన్న, వేయించని వేరుశనగ కాయలు, బాగా ఎండినవి, రెండు మూడు ఉడుతలకి పది పన్నెండు చాలు. ఒలిచిన గుళ్లు వేస్తే గోరింకలూ కాకులూ ముందు దిగుతాయి. మిగిలినవి ఉడుత అక్కడే గబగబా నమిలేస్తుంది, చూడ్డానికి ఏమీ ఉండదు. గుల్లతో వేస్తే ముందుకాళ్లతో పట్టుకుని గిరగిరా తిప్పి, ఒక కొస కొరికి, పెంకు కిందికి ఊడ్చేస్తూ తింటుంది. పచ్చి కొబ్బరి ముక్క ఇష్టమే గాని మధ్యాహ్నానికి జిగటగా మారుతుంది, చీమలు పడతాయి. ఉప్పేసినవీ నూనెలో వేయించినవీ, అంటే మిక్చరు, జంతికల ముక్కలు పెట్టకండి. సాయంత్రం చీకటి పడేలోగా చిప్ప ఖాళీ చేయాలి. ఉడుత పగటి జీవి, రాత్రి మిగిలిన మేత ఎలుకలకీ పందికొక్కులకీ పోతుంది.

ఉడుత కాయలు పాతిపెట్టడం చూడాలని మొదలుపెట్టేవాళ్లు ఆశ కాస్త తగ్గించుకోవాలి. అమెరికా ఉడుతలకి చలికాలం గడవాలి కనక కాయలు ఒక్కొక్కటిగా నేలలో దాస్తాయి. ఇక్కడ ఏడాది పొడుగునా తిండే. అందుకే మనది చాలా వరకు అప్పటికప్పుడే తినేస్తుంది, ఏదో ఒకటి రెండు దాస్తుంది. కొబ్బరి మట్టల సందు, ఇంటి పెంకుల కింద, అన్నిటికన్నా ఎక్కువగా కడియం నర్సరీల నుంచి తెచ్చిన కుండీలు. కొబ్బరి పొట్టు కలిపిన ఆ మట్టి మెత్తన మరి. ముందుకాళ్లతో చకచకా తవ్వి, కాయని మూతితో లోపలికి నొక్కి, మట్టి లాగి కప్పేస్తుంది. దాచింది మర్చిపోయిందో లేదో వారం పది రోజుల్లో తెలుస్తుంది: గులాబీ మొదట్లో రెమ్మకి నాలుగేసి ఆకులతో వేరుశనగ మొలక. లేతగా ఉండగానే పీకేయండి. కుండీ తవ్వకం వద్దనుకుంటే మట్టి మీద గులకరాళ్లు పరవండి. వేయించిన కాయ పెడితే మొలక బెడద తప్పుతుంది, తవ్వకం తప్పదు.

కొబ్బరిలో కోకో అంతరపంట ఉన్నవాళ్లు ఈ సరదా తోటకి దూరంగా పెట్టుకోండి. పండిన కోకో కాయని ఉడుత నడిమిన కొరుకుతుంది, తొడిమ దగ్గర కొరికింది ఎలుక. పండినవి వెంటనే కోసేయడమే మందు.

రోహిణి కార్తె ఎండలకి కాయల కన్నా నీళ్లు ముఖ్యం. మట్టి మూకుట్లో అంగుళం లోతు నీళ్లు పోసి, లోపల ఒక రాయి వేసి నీడలో పెట్టండి. రోజూ పారబోసి మూకుడు రుద్ది కడగాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. చేతిలోంచి తినిపించడం మాత్రం వద్దు. కాయకీ వేలికీ తేడా చూసుకోదు, పళ్లు లోతుగా దిగుతాయి.

చిప్ప అంచు కొరుకుతూ కొరుకుతూ ఏడాదికి సగం చేసేస్తాయి. అప్పుడు వంటింట్లోంచి ఇంకోటి.