33 నాణేల పొట్లం: క్రొయేషియా యూరోకు మారిన తీరుపై సమీక్ష

క్రొయేషియా 2023 జనవరి 1న తన కరెన్సీ కూనాను వదిలి యూరోకు మారింది. నెల ముందే, 2022 డిసెంబర్ 1 నుంచి, చిల్లర పొట్లాలు అమ్మారు. ఒక్కోదానిలో 33 నాణేలు, 13.28 యూరోలు, ధర 100 కూనాలు. కచ్చితంగా లెక్కేస్తే లోపలున్నది 100.06 కూనాల సొమ్ము, అంటే ఆరు లీపాలు (కూనాలో నూరో వంతు లీపా) కొన్నవాళ్లకే మిగులు. జనవరి 1 దాకా దానితో దేశంలో ఏదీ కొనే వీల్లేదు, చూసి అలవాటు పడటానికే. 1, 2, 5 సెంట్ల మీద పాత గ్లగోలిటిక్ లిపి, 10, 20, 50 మీద నికోలా టెస్లా, 1 యూరో మీద ముంగిసను పోలిన మార్టెన్ (‘కూనా’ అంటే ఆ జంతువే), 2 యూరోల మీద దేశపటం. మార్టెన్ బొమ్మ మొదటి నమూనా ఒక ఫొటోకు నకలుగా ఉందన్న గొడవతో 2022లో వెనక్కి తీసుకున్నారు.

ఇంటివాళ్లకు పొట్లం బాగా సరిపోయింది. దుకాణాల పొట్లంలో 111 నాణేలు, 145.50 యూరోలు. రద్దీ కౌంటరుకు అది ఏ మూలకీ చాలదు. జనవరి 1 నుంచి 14 దాకా రెండు డబ్బులూ చెల్లాయి, కానీ చిల్లర యూరోల్లోనే ఇవ్వాల్సి వచ్చింది. గల్లాలోకి కూనాలు వస్తాయి, బయటికి యూరోలే పోతాయి. పోయిన నాణెం తిరిగి రాదు. గల్లాపెట్టెలో రెండు అరలు పెట్టుకుని, అదనపు నాణేల చుట్టలు ముందే తెచ్చుకున్నవాళ్లే నిలదొక్కుకోగలరు. ఒక బిల్లుకు కూనా నాణేలు యాభైకి మించి తీసుకోనక్కర్లేదన్న నియమం అప్పట్లో దుకాణదారుకు మంచి ఆసరా అయింది.

అన్నిటికన్నా నచ్చింది రేటు: 1 యూరోకు 7.53450 కూనాలు. 2020 జులై 10న మారకపు యంత్రాంగంలో (యూరో తీసుకునే ముందు దేశపు డబ్బు విలువను యూరోకు కట్టి నిలిపే ఏర్పాటు) చేరినప్పుడు పెట్టుకున్న మూల రేటు ఇదే, చివరిదాకా మార్చలేదు. అందుకే మార్పు రోజున ఎవరి పొదుపూ తరగలేదు. 1994 మే 30న వెయ్యి దినార్లకు ఒక కూనా ఇచ్చినప్పుడూ ఇదే వరస: ధరల పరుగును 1993 అక్టోబర్ కార్యక్రమంతో ముందు ఆపి, ఆ తర్వాతే డబ్బు పేరు మార్చారు. వరస తిప్పితే కొత్త నోటు కూడా పాతదానిలాగే చివికిపోతుంది.

లెక్కలో తప్పు జరిగేది రేటును కుదించడం వల్ల. 7,500 కూనాల జీతాన్ని 7.53450తో భాగిస్తే 995.42 యూరోలు; 7.53తో భాగిస్తే 996.02. అరవై సెంట్ల తేడా. అయిదు దశాంశాలూ ఉంచి భాగించి, జవాబులో దశాంశ బిందువు తర్వాతి మూడో అంకె చూసి రెండో అంకెకు సవరించాలి. సవరింపు చివర్లో ఒక్కసారే: 1 కూనా సరుకును ముందే 0.13 చేసి వందతో గుణిస్తే 13 యూరోలు, మొత్తాన్ని మారిస్తే 13.27.

లోపం ధరల దగ్గర. 10 కూనాల కాఫీ 1.33 యూరోలు కావాలి. అది 1.50 అయితే పాత లెక్కన 11.30 కూనాలు, అంటే 13 శాతం పెంపు. చిన్న అంకె కాబట్టి కంటికి ఆనదు. 2022 సెప్టెంబర్ 5 నుంచి 2023 చివరిదాకా ధరను కూనాల్లోనూ యూరోల్లోనూ రాయించారు గానీ, ఆ చీటీ దుకాణం మార్పిడి తప్పు చేసిందో లేదో మాత్రమే చెబుతుంది. అసలు ధరే పెంచితే అడ్డుకోదు. డిసెంబర్ బిల్లు దాచుకున్నవాళ్లకే అది తెలుస్తుంది.

బ్యాంకు ఖాతాలు వాటంతట అవే, రుసుం లేకుండా మారాయి. దీనికి పూర్తి మార్కులు. చేతిలోని నగదును బ్యాంకులు 2023 జూన్ 30 దాకా ఉచితంగా మార్చాయి, ఆ ఏడాది చివరిదాకా రుసుముతో. ఆ తర్వాత కేంద్ర బ్యాంకే దిక్కు: నాణేలకు 2025 డిసెంబర్ 31తో గడువు తీరింది, నోట్లకు గడువే లేదు.