ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ సభ్యత్వం: ఏడేళ్లుగా ఫీజు కడుతున్న ఒక డయాలసిస్ సోషల్ వర్కర్ మాట

ఏటా 200 డాలర్లకు పైగా కట్టి ఏడేళ్లుగా కొనసాగిస్తున్న ఒక సభ్యత్వం గురించి రాస్తున్నాను. సంఘం పేరు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్కర్స్, పొట్టిగా ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ. అమెరికాలో సోషల్ వర్కర్ల సంఘాల్లో పెద్దది ఇదే. ఇండియాలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) చేసి, పెళ్లయ్యాక హెచ్4 వీసా మీద ఇక్కడికొచ్చిన అమ్మాయిలు నన్ను తరచూ అడుగుతారు: "అక్కా, అందులో చేరితే ఉద్యోగం వస్తుందా?" రాదు. లైసెన్సూ రాదు. అయినా నేను మానలేదు. ఆ డబ్బు దేనికి పోతుందో, నాకేం తిరిగొచ్చిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి మండలం. ఉద్దానం అనగానే కొబ్బరితోటలతో పాటు కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది అందరికీ. మా మేనమామ ఆ జబ్బుతోనే పోయాడు. డయాలసిస్ కోసం విశాఖ దాకా వెళ్లొచ్చేవాడు. రక్తం శుద్ధి చేసే మిషను దొరికింది కానీ, పొలం తాకట్టు గురించి, రాత్రిళ్లు పట్టని నిద్ర గురించి, కూతురి పెళ్లి గురించి అతనితో కూర్చుని మాట్లాడిన మనిషి ఆసుపత్రిలో ఒక్కరూ లేరు. నేను విశాఖలో ఎంఎస్‌డబ్ల్యూలో చేరింది అందుకే. "సోషల్ వర్క్ అంటే సేవ కదా, దానికి డిగ్రీ ఎందుకు, జీతం ఎందుకు?" అని మా ఊళ్లో చాలామంది అడిగారు.

టెక్సస్ వచ్చాక తెలిసిన సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఇక్కడ మెడికేర్ (ఫెడరల్ ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు తీసుకునే ప్రతి డయాలసిస్ సెంటర్లోనూ మాస్టర్స్ చేసిన సోషల్ వర్కర్ ఉండాలి. అది దయతో పెట్టుకునే పోస్టు కాదు, ఫెడరల్ నిబంధన. డాక్టరు, నర్సు, డైటీషియన్‌తో సమానంగా సోషల్ వర్కర్ సంతకం కూడా పేషెంటు ప్లాన్ మీద ఉండాలి. అది చదివిన రోజే ఎక్కడ పనిచేయాలో నిర్ణయించుకున్నాను.

లైసెన్స్ దారి వేరు, సంఘం వేరు. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది డబ్బు వృథా చేసుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇండియా డిగ్రీని అమెరికా ఎంఎస్‌డబ్ల్యూతో పోల్చి చూసేది కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ అనే మరో సంస్థ. ఇక్కడి ఎంఎస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటల ఫీల్డ్‌వర్క్ ఉంటుంది, కాబట్టి మన ఫీల్డ్‌వర్క్ వివరాలకు చాలా విలువ ఉంది. నా డైరీలు ఊళ్లో ట్రంకుపెట్టెలో ఉంటే, మా నాన్న ఒక్కొక్క పేజీ ఫోన్లో ఫొటో తీసి పంపాడు. ఆ కాగితాలన్నీ కూడగట్టడానికే నాకు ఏడు నెలలు పట్టింది. తర్వాత లైసెన్స్ పరీక్ష: నేను రాసినప్పుడు 170 ప్రశ్నలు, నాలుగు గంటలు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర బోర్డు. ఎల్‌ఎంఎస్‌డబ్ల్యూ, అంటే మాస్టర్స్ స్థాయి లైసెన్స్, నాకు 2018లో వచ్చింది. ఆ పైన సూపర్‌విజన్‌లో 3000 గంటలు పనిచేశాక క్లినికల్ లైసెన్స్. ఇందులో ఏ మెట్టు మీదా ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ ముద్ర అక్కర్లేదు. కాబట్టి డిగ్రీ పోలిక ఇంకా పూర్తికాని వాళ్లు ముందు ఆ ఖర్చు చూసుకోండి. ఎలాగూ పూర్తి సభ్యత్వానికి ఆ పోలిక కాగితం కావాలి.

ఫీజుకి వచ్చేవాటిలో కొన్ని నేను పెద్దగా వాడను. 'సోషల్ వర్క్' అనే జర్నల్ వస్తుంది, మ్యాగజైన్ వస్తుంది, ఉద్యోగాల పేజీ ఉంది, వృత్తి బీమా ఉంది. ఆన్‌లైన్ క్లాసులు బాగానే ఉంటాయి. టెక్సస్‌లో రెండేళ్లకోసారి లైసెన్స్ రెన్యూవల్‌కి 30 గంటల శిక్షణ చూపించాలి, అందులో 6 గంటలు ఎథిక్స్. ఇవన్నీ బయట కూడా దొరుకుతాయి. వీటి కోసమే అయితే 200 డాలర్లు పెట్టమని చెప్పను.

నా డబ్బుకి న్యాయం జరిగింది ఒక ఫోన్ కాల్‌తో. వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. మా సెంటర్‌కి ఒక తెలుగాయన వచ్చేవారు, రిటైరైన స్కూలు టీచరు. నేను "మాస్టారూ" అనేదాన్ని. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు కుర్చీలో. ఒకరోజు తెలుగులో, పక్క కుర్చీవాళ్లకి అర్థం కాదన్న ధైర్యంతో అన్నారు: "ఇక ఈ మిషను నాకొద్దమ్మా. చాలు. మా వాడికి మాత్రం చెప్పకు."

కొడుకు మాకు తెలిసినవాడే. గుడి దగ్గర కలుస్తాం, పండగలకి ఒకరింటికొకరం వెళ్తాం. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మన ఇళ్లలో ఇలాంటి మాట కొడుక్కి చెప్పకుండా దాచడమంటే ద్రోహం. ఇక్కడి సోషల్ వర్కర్ల నియమావళి ప్రకారం చెబితే ద్రోహం. పైగా తెలిసిన కుటుంబం కావడం దానికదే చిక్కు. మా మేనేజరుకి తెలుగిళ్ల సంగతి అర్థం కాదు. అర్థమైనవాళ్లెవరికీ చెప్పకూడదు.

మర్నాడు ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ ఎథిక్స్ సలహా కోసం ఫోన్ చేశాను. సభ్యులకి విడిగా ఫీజు లేదు. అటువైపు మాట్లాడినావిడ ఏం చేయాలో చెప్పలేదు. అడుగుతూ పోయింది. ఆయన డిప్రెషన్‌లో ఉన్నారేమో చూశారా? డయాలసిస్ ఆపితే ఏమవుతుందో ఆయనకి స్పష్టంగా తెలుసా? డాక్టరుకి చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారా? కొడుకుతో మీ పరిచయం గురించి ఆయనకి తెలుసా? మీరు తప్పుకుని ఇంకొకరికి అప్పగిస్తే ఆయనకి మేలా, కీడా? తెలుగు మాట్లాడే ఇంకో సోషల్ వర్కర్ ఉన్నారా? నియమావళిలో స్వనిర్ణయం, రెండు రకాల సంబంధాలు (పేషెంటు కుటుంబంతో బయట కూడా పరిచయం ఉండటం), గోప్యత గురించి ఏ సెక్షన్లు చదవాలో చెప్పింది. చివరికి, "మీరు ఏం ఆలోచించి ఏం చేశారో అన్నీ ఫైల్లో రాయండి" అంది.

అరగంట కూడా పట్టలేదు. ఫోన్ పెట్టేసరికి ఆ బరువు నా ఒక్కదాని మీద లేదనిపించింది. డిప్రెషన్ పరీక్ష చేశాం, డాక్టరు రెండుసార్లు మాట్లాడాడు. మాస్టారు తేటగా ఉన్నారు. మూడు వారాల తర్వాత మీటింగ్‌లో కొడుక్కి ఆయనే చెప్పారు, నేను పక్కన కూర్చున్నానంతే. డయాలసిస్ ఆపిన తొమ్మిదో రోజు, ఇంట్లో, హాస్పిస్ (చివరి రోజుల్లో బాధ తగ్గించే సేవ) నర్సు ఉండగా పోయారు. కొడుకు గుడిలో కనిపిస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. కోడలు మాత్రం ఒకసారి నా చెయ్యి పట్టుకుంది. ఆ కేసులో నేను చేసింది తప్పని నేననుకోవడం లేదు. అలా అనుకోగలగడానికి ఆ ఫోన్ కాలే ఆధారం.

రెండోది, సంఘం మనకోసం గొంతెత్తడం. 2020 అక్టోబర్ 12న టెక్సస్ సోషల్ వర్క్ బోర్డు తన ప్రవర్తనా నియమాల్లోంచి కొన్ని మాటలు తీసేసింది. వైకల్యం, లైంగికత, జెండర్ గుర్తింపు కారణంగా క్లయింటుకి సేవ నిరాకరించకూడదు అన్న రక్షణ అది. గవర్నర్ ఆఫీసు సిఫార్సు చేసిందని చేశారు. నా పేషెంట్లలో ఎంతమందికి కాళ్లు తీసేశారో, ఎంతమందికి చూపు పోయిందో నాకు తెలుసు. వాళ్లని కాదనే వీలు ఒక సోషల్ వర్కర్‌కి ఎందుకుండాలి? ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ టెక్సస్ చాప్టర్ (రాష్ట్ర శాఖ) వెంటనే వ్యతిరేకించింది, సభ్యులందరినీ కదిలించింది. నేనూ రాత్రి పిల్లలు పడుకున్నాక బోర్డుకి ఉత్తరం రాశాను. ఒక ప్రభుత్వ బోర్డుకి అలా రాయడం నా జీవితంలో అదే మొదటిసారి. అక్టోబర్ 27న బోర్డు ఆ మార్పుని వెనక్కి తీసుకుంది. పదిహేను రోజుల్లో! ఒంటరిగా రాసిన ఉత్తరానికి ఆ బలం ఉండేది కాదు.

నాయకత్వం సంగతికొస్తాను. నన్ను లోకల్ బ్రాంచ్‌కి లాక్కెళ్లింది నా సూపర్‌వైజర్. ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో పనిచేసిన నల్లజాతి మహిళ. మీటింగులు లైబ్రరీలో ఒక చిన్న గదిలో, పదిహేను మందిమి. ఏడాదిపాటు నేను నోరు విప్పలేదు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, కుర్చీలు సర్దడం, అదే నా పని. ఒకరోజు, "కమిటీకి నీ పేరు ఇస్తున్నాను" అంది. వద్దన్నాను. మరుసటి ఏడాది మళ్లీ అడిగింది, మళ్లీ వద్దన్నాను. నలుగురిలో ముందుకొచ్చి మాట్లాడకపోవడమే మర్యాద అని పెరిగినదాన్ని. నా ఇంగ్లిష్ యాస గురించి కూడా బెరుకు. ఆవిడ నాకు విట్నీ యంగ్ గురించి చెప్పింది. నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్‌ని నడిపిన నల్లజాతి నాయకుడు, సోషల్ వర్కర్. 1969లో ఈ సంఘానికే అధ్యక్షుడయ్యాడు. "ఆ కుర్చీలో అతను కూర్చున్నాడు కాబట్టే నేను ఈ గదిలోకి వచ్చాను. నువ్వు కూర్చుంటే ఎవరొస్తారో ఆలోచించుకో" అంది. మూడోసారి ఒప్పుకున్నాను.

నాకు తర్వాత తెలిసింది, ఆవిడ చేసిన పనికి ఈ సంఘంలో ఒక ఏర్పాటే ఉందని. ప్రతి చాప్టర్‌లో నామినేషన్ల కమిటీ ఉంటుంది. దాని పూర్తి పేరులోనే 'నాయకులను గుర్తించడం' అన్న మాట ఉంది. అంటే పోటీకి ఎవరొస్తారా అని ఎదురుచూడకుండా, వెనక వరసలో కూర్చున్నవాళ్లని వెతికి పట్టుకోవాలి. మన సంఘాల్లో పదవుల కోసం జరిగే తగువులు చూసినదాన్ని కాబట్టి ఇది నాకు చాలా నచ్చింది.

కమిటీలో చేరాక కెరీర్ మారింది. జీతం ఒక్కసారిగా పెరగలేదు. ఇరుగుపొరుగు సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే మాది ఎప్పుడూ తక్కువే. కానీ బడ్జెట్ వేయడం, మీటింగ్ నడపడం, కోపంగా ఉన్న మనిషికి గౌరవంగా జవాబివ్వడం అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు నాలుగు సెంటర్లలో సోషల్ వర్కర్లకి లీడ్‌గా ఉన్నాను. ఆ ఇంటర్వ్యూలో వాళ్లు ఎక్కువసేపు అడిగింది బ్రాంచ్ పని గురించే. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లోనే మామూలు సమావేశాలు పెట్టుకుంటుంది. ఆ సమయంలో ఆస్టిన్‌లో చాప్టర్ ఒక రోజు ఏర్పాటు చేస్తుంది, సోషల్ వర్కర్లు, విద్యార్థులు కాపిటల్‌కి వెళ్లి సభ్యుల ఆఫీసుల్లో మాట్లాడతారు. నాకు దొరికింది ఒక కుర్ర స్టాఫర్‌తో పది నిమిషాలు. డయాలసిస్‌కి తీసుకెళ్లే బండి రాకపోతే పేషెంటుకి ఏమవుతుందో చెప్పాను. అతను రాసుకున్నాడు. చట్టం మారిందా అంటే, లేదు. కానీ మా మేనమామ గురించి మాట్లాడటానికి నాకొక గది దొరికింది.

లోటుపాట్లు చెప్పకపోతే ఇది రివ్యూ కాదు. ఫీజు ఎక్కువ, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్లకి. విద్యార్థులకీ కొత్త గ్రాడ్యుయేట్లకీ తగ్గింపు ఉంది కానీ, విదేశీ డిగ్రీతో మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ల పరిస్థితి అలాంటిదే అని గుర్తించాలి. పరీక్ష విషయంలో కూడా నాకు అసంతృప్తి ఉంది. 2022లో పరీక్ష నిర్వహించే సంస్థ మొదటిసారి లెక్కలు బయటపెట్టింది. 2018 నుంచి 2021 వరకు క్లినికల్ పరీక్ష మొదటిసారే పాసైనవాళ్లు తెల్లవారిలో సుమారు 84 శాతం, నల్లజాతివారిలో 45 శాతం. ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ 2023 ఫిబ్రవరిలో ఆ పరీక్షలను వ్యతిరేకిస్తున్నామని ప్రకటించింది. మంచిదే. కానీ పరీక్ష రాసి ఓడిపోయినవాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్న మాటే అది. లెక్కలు వచ్చేదాకా ఆగాల్సింది కాదు. మరో పక్క, ఒక రాష్ట్రం లైసెన్స్‌తో ఒప్పందంలో ఉన్న మిగతా రాష్ట్రాల్లోనూ పనిచేయనిచ్చే లైసెన్స్ ఒప్పందానికి సంఘం మద్దతిచ్చింది. 2023లో మిస్సోరీ మొదట చేరింది, 2024కల్లా ఒప్పందం మొదలవడానికి కావలసిన ఏడు రాష్ట్రాలూ వచ్చాయి. భర్త ప్రాజెక్టు మారినప్పుడల్లా రాష్ట్రం మారే మన ఇళ్లకి ఇది పూర్తిగా అమల్లోకి వస్తే ఎంత ఊరటో చెప్పలేను.

1955లో ఏడు చిన్న సంఘాలు కలిసి ఇది ఏర్పడింది. ఆసుపత్రులవాళ్లు, స్కూళ్లవాళ్లు, మానసిక వైద్యంవాళ్లు విడివిడిగా ఉండేవారు. మన దగ్గర ఆ కలయిక ఇంకా గట్టిపడలేదు. సోషల్ వర్క్ చదువు ముంబైలో 1936లోనే మొదలైంది. ఢిల్లీలో 2005లో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ సోషల్ వర్కర్స్ ఇన్ ఇండియా పెట్టారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ల పేర్లు చేర్చారు. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయని మా నాన్న ఫోన్‌లో చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ సోషల్ వర్కర్ ఉన్నారా?" అని. ఉద్దానంలో ఆ కుర్చీ ఉండాలని అడగడానికి మనకి గట్టి సంఘం కావాలి. విశాఖలో, హైదరాబాద్‌లో, తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అక్కడి సంఘాల్లో ఇప్పుడే చేరండి.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఊరికే కట్టి కూర్చుంటే రెండే. పోయిన నెల బ్రాంచ్ మీటింగ్‌కి తిరుపతిలో చదివిన ఒక అమ్మాయి వచ్చింది, డిగ్రీ పోలిక ఇంకా తేలలేదు. వెనక వరసలో కూర్చుంది. వచ్చినవాళ్ల పేర్లు రాసే పుస్తకం ఆమె చేతికిచ్చాను.