నాన్నజ్ వెళ్తే కృష్ణజింకల కోసం వెళ్లండి

షోలాపూర్‌లో స్థిరపడిన మన పద్మశాలి ఇళ్లలోనూ నాన్నజ్ చూసినవాళ్లు తక్కువే. చుట్టాలొస్తే సిద్ధేశ్వర గుడి, కోట, చద్దర్ల దుకాణాలు... అంతటితో సరి. బార్శీ రోడ్డున ఇరవై కిలోమీటర్లు వెళ్తే చాలు, నాన్నజ్ ఊరు, అక్కడే మాల్‌ధోక్ (మరాఠీలో బట్టమేక పిట్ట) అభయారణ్యం వస్తుంది. పేరుకే అరణ్యం. కనుచూపు మేర ఎండు గడ్డి, రాళ్లు, అక్కడక్కడ తుమ్మచెట్లు.

1979లో దీన్ని బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే ఏర్పాటు చేశారు. మొదట 8,496 చదరపు కిలోమీటర్లు. ఊళ్లు, పొలాలు అన్నీ అందులోకే రావడంతో తర్వాత 1,222కు కుదించారు. ఇప్పుడు ఆ పిట్ట కనబడితే లాటరీ తగిలినట్టే. దేశం మొత్తం మీద నూటయాభైకి అటూ ఇటూగా మిగిలాయంటారు, అవీ ఎక్కువగా జైసల్మేర్ ఎడారిలోనే. నేల మీద సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. ఎదురుగా ఉన్న కరెంటు తీగ దానికి సరిగా కనబడదు, కనబడ్డా అంత బరువైన ఒళ్లు చటుక్కున పక్కకు తిరగదు, తీగకు గుద్దుకుని చస్తుంది. మన కర్నూలు వైపు రోళ్లపాడు బట్టమేక అభయారణ్యానిదీ ఇదే కథ. 'బట్టమేకను చూపిస్తాం' అని డబ్బులడిగే వాళ్లను నమ్మకండి.

కృష్ణజింకలు మాత్రం నిరాశపరచవు. తెల్లవారుజామునే వెళ్లాం. మా డ్రైవర్ అశోక్ చౌక్ కుర్రాడు. "అన్నా, ఇంజన్ బంద్ చేస్తున్న, దిగకుండ్రి" అన్నాడు. మెలికల కొమ్ముల పోతు ఒకటి ముక్కు పైకెత్తి, కొమ్ములు వీపుకు ఆనించి, లేత గోధుమరంగు ఆడజింకల చుట్టూ ఠీవిగా తిరుగుతోంది. పక్కనే దాని పెంటకుప్ప. రోజూ అక్కడే వేస్తూ 'ఇది నా జాగా' అని చాటుకుంటుందట. దూరంగా ధన్‌గర్ల (అక్కడి గొర్రెల కాపరుల) మంద వెనక ఒక తోడేలు, ఏ తొందరా లేకుండా. నాకైతే జింకల కన్నా అదే ఎక్కువ నచ్చింది. చలికాలంలో పిల్లిగద్దలు కూడా గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో ఎగురుతుంటాయి.

బసకు షోలాపూరే మేలు. అటవీశాఖ విశ్రాంతి గృహంలో ఉండాలంటే ముందే అనుమతి కావాలి, తిండి మనమే చూసుకోవాలి. స్టేషన్ దగ్గర మేం దిగిన లాడ్జి చవకే గానీ, పొద్దున ఐదింటికి వేణ్ణీళ్లు లేవు, రాత్రంతా రైళ్ల మోత. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే సాత్ రస్తా వైపు ఇంకొంచెం పెట్టి తీసుకోండి. భోజనానికి దిగులక్కర్లేదు, కడక్ భాకరీ (కరకరలాడే జొన్నరొట్టె), పల్లీల చట్నీ దొరకని వీధి ఉండదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఎండాకాలం వద్దు. ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సులున్నాయి గానీ ఊళ్లో దింపేసి పోతాయి, మైదానంలో తిరగడానికి ఏమీ దొరకదు. పూటకు బండి మాట్లాడుకోండి, వెయిటింగ్ డబ్బులు కూడా ముందే తేల్చుకోండి.