ఒక ఉపగ్రహమా, నాలుగా? అయస్కాంతావరణ తరంగాలకు ఏ డేటా మేలు?

బెంగళూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది చదువుతున్న మన తెలుగు విద్యార్థులు భూ అయస్కాంతావరణంలోని (భూమి అయస్కాంత క్షేత్రం ప్రభావం ఉండే అంతరిక్ష ప్రాంతంలోని) అల్ప పౌనఃపున్య ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) తరంగాలను ప్రాజెక్టుగా తీసుకున్నప్పుడు, మొదట తేల్చుకోవలసింది ఏ ఉపగ్రహం డేటా వాడాలన్నదే. నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థల డేటా ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి ఇక్కడ ఖర్చు కంటే సమయం ముఖ్యం. చాలామంది 2015 మార్చిలో ప్రయోగించిన నాసా నాలుగు ఉపగ్రహాల బృందం ఎమ్‌ఎమ్‌ఎస్ వైపు మొగ్గుతారు. ఒక్క ఉపగ్రహం కంటే నాలుగు ఎప్పుడూ మేలే కదా అన్నది వారి వాదన. అందులో సగమే నిజం.

నిజమైన సగాన్ని ముందు చూద్దాం. ఒంటరి ఉపగ్రహం నమోదు చేసిన మార్పు కాలంతో వచ్చిందో, ఉపగ్రహం చోటు మారడం వల్ల వచ్చిందో ఆ కొలత ఒక్కదానితో తేలదు. అయస్కాంత క్షేత్రపు కొలతలతో తరంగం సాగే రేఖ దొరుకుతుంది గానీ, ఆ రేఖపై అది ఎటువైపు పోతున్నదో తెలియాలంటే విద్యుత్ క్షేత్రం కూడా కావాలి. నాలుగు ఉపగ్రహాలను చతుర్ముఖి మూలల్లో నిలిపితే, వాటి మధ్య దశా భేదాల (తరంగం ఒక్కో ఉపగ్రహం దగ్గర ఏ ఘట్టంలో ఉందన్న తేడాల) నుంచి తరంగదైర్ఘ్యం, దిశ రెండూ లెక్కకట్టవచ్చు. 2000లో ఐరోపా అంతరిక్ష సంస్థ క్లస్టర్‌ను నాలుగు ఉపగ్రహాలుగా పంపడం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

అయితే ఉపగ్రహాల మధ్య ఎడం తరంగదైర్ఘ్యానికి తగినట్టు ఉండాలి. భూ అయస్కాంత క్షేత్రపు నెమ్మదైన ఊగిసలాటలైన పీసీ5 తరగతి తరంగాల ఆవర్తన కాలం 150 నుంచి 600 సెకన్లు. ఒక తరంగానికి 600 సెకన్ల ఆవర్తన కాలం, 60,000 కిలోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నాయనుకుంటే, 10 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఎమ్‌ఎమ్‌ఎస్ ఉపగ్రహాలకు అది చేరే సమయాల్లో తేడా 0.1 సెకను మాత్రమే. అంత నెమ్మదైన ఊగిసలాటలో ఆ తేడాను పట్టుకోవడం దాదాపు అసాధ్యం కనుక, ఈ పనికి నాలుగు ఉపగ్రహాలూ ఒక్కదానితో సమానమే. ఎడం తరంగదైర్ఘ్యంలో సగం కంటే ఎక్కువైనా చిక్కే, ఎందుకంటే అప్పుడు ఒకే దశా భేదానికి ఒకటికి మించిన జవాబులు వస్తాయి. ఎమ్‌ఎమ్‌ఎస్ బలం అతి చిన్న పరిమాణాల్లో ఉంది. అయస్కాంతావరణపు సరిహద్దు దగ్గర గతిజ ఆల్వెన్ తరంగమనే అతి చిన్న పరిమాణపు ప్లాస్మా తరంగానికీ కణాలకూ మధ్య జరిగే శక్తి మార్పిడిని 2017లో ప్రచురితమైన పరిశోధన నేరుగా చూపగలిగింది ఈ డేటాతోనే.

ఎమిక్ (అయాన్ల భ్రమణంతో ముడిపడిన విద్యుదయస్కాంత) తరంగాలు తీసుకున్న విద్యార్థికి మాత్రం నేను సందేహం లేకుండా వాన్ ఆలెన్ ప్రోబ్స్‌నే సూచిస్తాను. భూమి చుట్టూ ఉన్న వికిరణ వలయాల్లోని అతిశక్తిమంతమైన ఎలక్ట్రాన్లను వాతావరణంలోకి రాల్చగలిగేవి కావడంతో ఈ తరంగాలకు ప్రాముఖ్యం ఎక్కువ. 2012 ఆగస్టులో బయలుదేరి 2019 వరకు పనిచేసిన ఈ జంట ఉపగ్రహాలు భూమధ్య తలానికి దగ్గరగా, దాదాపు 30,000 కిలోమీటర్ల ఎత్తు వరకు తిరిగాయి. సెకనుకు 64 సార్లు తీసిన అయస్కాంత కొలతల్లో, ఒకటి రెండు హెర్ట్జ్‌ల తరంగం హీలియం అయాన్లు అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరిగే పౌనఃపున్యానికి దిగువన ఉందో ఎగువన ఉందో స్పష్టంగా కనిపిస్తుంది. విద్యుత్ క్షేత్రం, ప్లాస్మా సాంద్రత కూడా దొరుకుతాయి కాబట్టి విశ్లేషణ మధ్యలో ఆగిపోదు.

పీసీ5కు ఇదే జంట అంత అనుకూలం కాదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వాటి వేగం సెకనుకు 10 కిలోమీటర్లకు చేరువవుతుంది, అంటే 600 సెకన్ల ఒక్క ఆవర్తన కాలంలోనే అవి దాదాపు భూ వ్యాసార్ధమంత దూరం పోతాయి. భూస్థిర కక్ష్యలోని గోస్ ఉపగ్రహాలు (అమెరికా వాతావరణ ఉపగ్రహాలు) భూమితో పాటే మెల్లగా తిరుగుతాయి కనుక పీసీ5కు అవే మేలు. నేలమీది మాగ్నెటోమీటర్లు తోడుగా పనికివస్తాయి గానీ, తూర్పు పడమరలుగా తరంగదైర్ఘ్యం చిన్నదైన తరంగాలను పై వాతావరణపు విద్యుదావేశ పొర అయిన అయనావరణం చాలావరకు అడ్డుకుంటుంది. హైదరాబాద్ దగ్గరి చౌటుప్పల్ వంటి అల్ప అక్షాంశ కేంద్రాల డేటా రాత్రివేళ వచ్చే పీఐ2 (కొద్దిసేపే ఉండే క్రమరహిత అయస్కాంత) స్పందనలకు బాగా ఉపయోగపడుతుంది.

బెంగళూరు శివార్లలోని బైలాలు కేంద్రం నుంచి ఆదిత్య ఎల్1 డేటా అందుతోంది కదా, దాన్నే వాడవచ్చు కదా అనుకునేవారూ ఉంటారు. ఆ నౌక ఉన్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, అయస్కాంతావరణానికి వెలుపల. తరంగాలను రేపే సౌర పవనాన్ని అది చూపుతుంది తప్ప లోపలి తరంగాలను కాదు. 2024 జనవరిలో అది తన కక్ష్య చేరేనాటికి వాన్ ఆలెన్ ప్రోబ్స్ పని ముగిసిపోయింది కాబట్టి, ఆదిత్యకు జోడీగా గోస్‌నో ఎమ్‌ఎమ్‌ఎస్‌నో తీసుకోవాలి. సెకనుకు 400 కిలోమీటర్ల సౌర పవనం అక్కడి నుంచి భూమిని చేరడానికి సుమారు గంట పడుతుంది కనుక, ఆ వ్యవధి మేరకు ఆదిత్య డేటాను ముందుకు జరిపిన తరువాతే రెండింటినీ పోల్చాలి.