కడపలో పాటలు రాసేవాళ్ల ఆదివారం బైఠక్ ఎలా ఉందంటే

కడపలో గానీ చుట్టుపక్కల గానీ సొంతంగా పాటలు రాసుకునేవాళ్లు, ట్యూన్లు కట్టుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఎర్రముక్కపల్లిలో ఒక సంగీతం క్లాసు మేడ మీద జరిగే ఆదివారం బైఠక్‌కి, అంటే ఒకరి పాట ఒకరు విని బాగోగులు చెప్పుకునే కూటమికి, ఒకసారి వెళ్లి రండి. మనిషికి 100 రూపాయలు, టీ అందులోనే. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా ఆపేస్తారు, ఎందుకంటే ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు నుంచి వచ్చేవాళ్లు బస్సు అందుకోవాలి. నాకైతే ఆ 100 రూపాయలకు దొరికింది ఇంకెక్కడా దొరకలేదు.

మన పాట ఇంట్లో వినిపిస్తే బాగుంది అంటారు, వాట్సాప్‌లో పెడితే ఒక దండం బొమ్మ వస్తుంది, అంతటితో సరి. బాగున్నది ఏ లైను, ఎక్కడ నీరసపడింది, ట్యూన్ ఎక్కడ మాటను తొక్కేసింది అని ఎవరూ చెప్పరు. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని పాట చూసిపెడతామనే ఒకళ్లకు నేను పంపి చూశాను, ఇంకా ఫీల్ కావాలి అని రెండు ముక్కలు రాసి పంపారు. ఏ పాటకైనా అతికే మాట అది. ఇక్కడ అలా కాదు, కాగితం చేతిలో పట్టుకుని లైను లైనుకీ ఆగుతారు.

పద్ధతి ఇదీ. పాటను ఓ పది జిరాక్సులు తీసుకుని వెళ్లాలి, కాగితం లేకపోతే వంతు రాదు. ముందు ట్యూన్ లేకుండా ఉత్త మాటలు చదవాలి, ఆ తర్వాత శ్రుతి పెట్టుకుని పాడాలి. చదవడం, పాడడం విడివిడిగా పెట్టడం చాలా మంచి ఆలోచన, ఎందుకంటే గొంతు బాగున్నవాళ్లు పాడితే బలహీనమైన లైను కూడా దాటిపోతుంది, చదివితే మాత్రం దాటదు. పాడాక అందరూ చెప్పేదాకా రాసినవాళ్లు నోరు మెదపకూడదు. నా ఉద్దేశం అది కాదండీ అనడానికి వీల్లేదు. మొదట్లో ఇది కష్టంగానే ఉంటుంది గానీ, ఉద్దేశం పాటలో వినపడాలి తప్ప మనం పక్కన నిలబడి చెప్పుకునేది కాదు కదా.

నేనున్న రోజు బైక్ మెకానిక్ పని చేసే ఒకబ్బాయి పల్లవి తెచ్చాడు. అతన్ని అడిగే ఇక్కడ రాస్తున్నా:

వాన రాని ఊరిలోన వలస పోని మనిషి ఏడి
పెన్న ఎండిపోయినాక ఇసుకలోన ఊట ఏది

తిశ్రగతిలో, మూడేసి మాత్రల లెక్కన (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు) ఎక్కడా తడబడకుండా పోతుంది. నేనైతే బాగుందనేసి ఊరుకునేవాణ్ని. కానీ డీఎస్సీకి చదువుకుంటున్న ఒకమ్మాయి రెండు లైన్లలోనూ "లోన" కింద గీత గీసింది. "అన్నా, ఇవి తాళం నిండడానికి వచ్చినట్టున్నాయి, తీసేస్తే అర్థం ఏమీ తగ్గట్లేదు" అంది. నిజమే. మనలాంటివాళ్లం రాసే పాటల్లో లోన, కదా, ఓ, మరి లాంటివి ఎన్ని ఉంటాయో వెతికి చూసుకోండి. ఆ వెనక ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన అందుకున్నాడు. ఆయన చెక్కభజన పాటలు, అంటే చేతిలో చెక్కలు మోగిస్తూ అడుగులేస్తూ పాడేవి, రాస్తాడు. "అబ్బీ, ఊట ఏది అని ఊరికే అడిగితే ఎట్లా? ఇసకలో నీళ్లు కావాలంటే మనం ఏం జేస్తాం? చెలమ తవ్వుకోమా?" అన్నాడు. పావుగంట తర్జనభర్జన అయ్యాక రెండో లైను ఇలా తేలింది:

పెన్న ఎండిపోయినాక చెలమ తోడు చెయ్యి ఏది

మాత్రలు అవే, కానీ ఇప్పుడు మనిషి కనిపిస్తున్నాడు. యతి, అంటే లైను మొదటి అక్షరానికీ మధ్యలో మళ్లీ ఎత్తుకునే అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, కుదరలేదని క్లాసు చెప్పే మేడమ్ అన్నారు, మొదటి లైనులో వాన, వలస కలిశాయి, ఇక్కడ పెన్నకూ చెలమకూ పొత్తు లేదు. పాటకు యతి ఉంటే అందమే గానీ దానికోసం చెలమను వదులుకోకూడదని నా అభిప్రాయం. ఆ అబ్బాయి కూడా చెలమనే ఉంచుకున్నాడు.

ట్యూన్ మీద ఇంకో మంచి మాట వచ్చింది. "వలస"లో "ల" మీద అతను స్వరం సాగదీశాడు, దాంతో అది వలాసలా వినపడింది. హ్రస్వాక్షరం మీద సాగదీస్తే తెలుగు మాట ముఖమే మారిపోతుంది. సాగదీయాలనుకుంటే "వాన", "రాని" లాంటి దీర్ఘాల మీదకు ఆ సాగదీతను జరుపుకోమని మేడమ్ హార్మోనియం మీద వాయించి చూపించారు. ట్యూన్ ముందు కట్టుకుని తననా మీద మాటలు పేర్చేవాళ్లందరూ ఇది ఒక్కసారి చెవులారా వింటే చాలు, తర్వాత ఎక్కడ సాగదీయకూడదో చెవికే తెలిసిపోతుంది.

ఇక నచ్చనిది. టైము చాలదని పల్లవి, ఒక చరణం వరకే వింటారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. కొత్తగా రాసేవాళ్ల పాట కూలబడేదే రెండో చరణంలో. చెప్పదలుచుకున్నదంతా పల్లవిలో, మొదటి చరణంలో అయిపోతుంది, రెండోది అదే సంగతిని వేరే మాటల్లో తిప్పి చెబుతుంది. తాళ్లపాక మనకు ఎంతో దూరంలో లేదు, అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని చెబుతారు, దొరికినవాటిలో ఎక్కువవాటికి పల్లవి తర్వాత మూడేసి చరణాలున్నాయి. ఆ మూడూ ఒకే మెట్టు మీద నిలబడకుండా ముందుకు ఎలా నడుస్తాయో నేర్చుకోవాల్సింది అక్కడే, అక్కడికి రాకుండానే ఆపేస్తే ఎలా? వారానికి ఎనిమిది మందిని కూర్చోబెట్టే బదులు నలుగురి పాటలు పూర్తిగా వినండి, మిగతావాళ్లకు పై వారం వంతు ఇవ్వండి. అక్కడ కూడా ఇదే అడిగాను, చూద్దామన్నారు.

ఇంకొకటి, చెక్కభజన, కోలాటం పాటలు తెచ్చేవాళ్లకు వచ్చే సలహాలు తక్కువ. అందరి చెవులూ సినిమా పాటకు అలవాటుపడి ఉన్నాయి. ఆ పెద్దాయన పాట పాడితే రాగం గురించే మాట్లాడారు. అడుగు ఎక్కడ పడుతుంది, చెక్కలు ఎక్కడ మోగాలి అన్నది ఎవరూ ఎత్తలేదు. ఆ పాటకు ప్రాణం అక్కడే ఉంటుంది కాబట్టి ఆ విద్య తెలిసినవాళ్లు ఇంకొందరు రావాలి.

పాట ఎవరైనా కొట్టేస్తారేమోనని రావడానికి జంకేవాళ్లున్నారు, నన్ను కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసి పెట్టుకోగానే హక్కు మనకు వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే రుజువుగా పనికొస్తుంది. సాహిత్యం ఒక హక్కు, సంగీతం ఇంకో హక్కు, రాసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. కానీ వలస మీద పాట రాయాలన్న ఆలోచనకు మాత్రం ఎవరికీ హక్కు ఉండదు. నేనైతే పాడే ముందు రోజు నా కాగితం నాకే మెయిల్ చేసుకుంటాను, తారీఖు పడి ఉంటుంది. బైఠక్‌లో కూడా అడగకుండా ఫోన్‌లో రికార్డు చేయనివ్వరు, ఆ విషయంలో గట్టిగా ఉంటారు, అది నాకు ధైర్యాన్నిచ్చింది.

మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇబ్బంది. పాడేటప్పుడు ఫ్యాన్లు ఆపేస్తారు, ఎండాకాలంలో కడప సంగతి తెలిసిందే, నీళ్ల బాటిల్ తెచ్చుకోండి. బండి పెట్టుకోవడానికి సందులో చోటుంది. ఆడపిల్లలు కూడా బాగానే వస్తున్నారు, ఎవరి పాటనూ వెటకారం చేయనివ్వరు. మొదటిసారి వెళ్లేవాళ్లు వినడానికే వెళ్లినా 100 కట్టాలి, అది కాస్త తగ్గించొచ్చు.

వెళ్లేటప్పుడు రెండో చరణం కూడా జిరాక్సులో వేసుకుని వెళ్లండి. పాడనివ్వకపోయినా టీ టైములో ఎవరో ఒకరు చదివి చెబుతారు, నాకు ఆ డీఎస్సీ అమ్మాయి అలాగే చెప్పింది.