ఫ్రాంక్లిన్: ఊరు మింగేసిన యుద్ధభూమి

అమెరికా అంతర్యుద్ధంలో పేరుమోసిన గెటిస్‌బర్గ్ యుద్ధభూమి చూసొచ్చినవాళ్ళు, అదే యుద్ధంలో మరో పోరు జరిగిన టెనెసీ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్‌లో కారు దిగగానే 'యుద్ధం జరిగిందెక్కడ?' అని దిక్కులు చూస్తారు. గెటిస్‌బర్గ్‌లా ఇది నేషనల్ పార్కు కాదు. 1864 నవంబరు 30న దాదాపు 20 వేలమంది కాన్ఫెడరేట్ (దక్షిణాది పక్షం) సైనికులు బారులు తీరి వచ్చిన మైదానంలో ఇప్పుడు ఇళ్ళు, కొలంబియా అవెన్యూ ట్రాఫిక్కు. పోరు బాగా ముదిరిన చోట ఒకప్పుడు పిజ్జా దుకాణం ఉండేది. 2005లో దాన్ని కూల్చేశారు. తూర్పు వైపు 110 ఎకరాల గోల్ఫ్ కోర్సునూ కొని పార్కు చేశారు.

అందుకే ముందు కార్టర్ హౌస్‌కే వెళ్ళాలి. గైడు చెప్పింది విన్నాక బయటి నేల అర్థమవుతుంది. వరస మారిస్తే చూసేది ఉత్త గడ్డే. 1830 నాటి ఈ ఇటుక ఇంట్లో ఆ రోజు యూనియన్ (ఉత్తరాది పక్షం) జనరల్ జేకబ్ కాక్స్ మకాం. ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగూ కలిపి 20 మందికి పైగా నేలమాళిగలో తలదాచుకున్నారు. ఆ ఇంటి కొడుకు, 24 ఏళ్ళ టాడ్ కార్టర్, ఎదుటి కాన్ఫెడరేట్ పక్షంలో కెప్టెన్. సొంత ఇంటి దగ్గరే గుళ్ళు తగిలి, రెండు రోజులకు ఆ ఇంట్లోనే చనిపోయాడు.

పెరట్లోని చెక్క ఆఫీసు గది దగ్గర మాత్రం తొందరపడొద్దు. దక్షిణపు గోడ నిండా తూటాల చిల్లులు. లోపల నిలబడితే వాటిలోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఈ ఆవరణలోని కట్టడాలన్నిట్లో కలిపి వెయ్యికి పైగా చిల్లులున్నాయి.

రెండు మైళ్ళ లోపే కార్న్‌టన్ అనే మరో పాత ఇల్లు. ఆ రాత్రి ఇది ఆస్పత్రి. మేడ మీది గదుల్లో చెక్క నేలకు ఇంకిన నెత్తుటి మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి. వెనక వసారాలో నలుగురు జనరళ్ళ శవాలను వరసగా పడుకోబెట్టారు. పక్కనే 1866లో ఏర్పడిన శ్మశానంలో 1,500 మంది దాకా సైనికుల సమాధులు, రాష్ట్రాలవారీగా. శ్మశానానికి టికెట్టు అక్కర్లేదు. ఒక్క ఇంటికే సమయముంటే మా ఓటు కార్టర్ హౌస్‌కే.

ఈ రెండిళ్ళనూ ఒకే ట్రస్టు నడుపుతుంది కనుక ఉమ్మడి టికెట్టు లాభం. కార్టర్ హౌస్ నుంచి రోడ్డుకు అవతలున్న లాట్జ్ హౌస్ అనే పాత ఇల్లు వేరేవాళ్ళది, అక్కడ ఈ టికెట్టు చెల్లదు; చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక్కో టూరుకు గంట వేసుకోండి. మూసే వేళ దగ్గర పడ్డాక చేరితే ఆఖరి టూరు వెళ్ళిపోయి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి మేడమెట్లు కష్టం.

బసకు దగ్గర్లోని నాష్‌విల్ నగరపు డౌన్‌టౌన్ కన్నా ఐ-65 హైవే పక్కన కూల్ స్ప్రింగ్స్ హోటళ్ళు నయం. నాష్‌విల్ నడిబొడ్డున పార్కింగుకే చేతి చమురు వదులుతుంది.

వీలైతే నవంబరు చివర్లో, సాయంత్రం 4 గంటలకు కార్టర్ హౌస్ దగ్గరుండండి. దాడి మొదలైంది ఆ వేళకే. కాసేపట్లో పొద్దు గుంకింది, మిగతా యుద్ధమంతా చీకట్లోనే సాగింది. ఏటా నవంబరు 30న, చనిపోయిన, గాయపడిన, గల్లంతైన వారి గుర్తుగా 10 వేల దీపాలు వెలిగిస్తారు; ఆ వారానికి గది ముందే చూసుకోవాలి.