వినికిడి మిషన్: మాటకు సరే, మురళికే కష్టం

బ్యాటరీ, బ్లూటూత్, ధర సంగతులు ఎవరినడిగినా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చెవి మిషన్ కూత పెట్టకుండా ఆపే ఏర్పాటు ఒకటి అందులో ఉంటుంది. కొన్నేళ్లుగా రెండు చెవులకీ మిషన్లు వాడుతున్నాను, దాని మీద నాకింకా కోపం పోలేదు.

మాటల విషయంలో ఈ మిషన్‌కి రుణపడి ఉన్నాను. నాకు పోయింది పై శ్రుతుల వినికిడి. మనిషి గొంతు వినబడుతుంది కానీ హల్లులు జారిపోతాయి, పప్పు అన్నారో కప్పు అన్నారో తేలదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు చెవికి 15 వేల దాకా ఉంటాయి. అవి పోతే మళ్లీ పుట్టవు. మిషన్ పెట్టుకున్నాక మనవరాలి గుసగుసలు కూడా అర్థమయ్యాయి.

ఆ ఆనందంలోనే ఒక వేణుగాన కచేరీకి వెళ్లాను. కల్యాణి రాగాలాపన. విద్వాంసుడు తారషడ్జం మీద నిలిచాడు. రెండు క్షణాలు నిక్కచ్చిగా ఉన్న స్వరం ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. ఆయన ఊపిరి ఆపాక కూడా సన్నగా ఒక తోక మిగిలింది. పక్కనున్నాయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు, ఆయనకేమీ తేడా లేదు. మిషన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మురళి దూరంగా, మసకగా వినబడింది, కానీ స్వరం గీత గీసినట్టు తిన్నగా ఉంది! చెడింది మురళి కాదని అప్పుడు తెలిసింది. మిగిలిన కచేరీ ఆ మసకలోనే విన్నాను. ఆ సాయంత్రం పడిన బాధ చిన్నది కాదు.

వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే ఆడియాలజిస్టు ఓపిగ్గా వివరించారు. మిషన్ పెంచిన శబ్దం చెవిలోంచి బయటికి కారి, మళ్లీ మైకులో పడితే కూత వస్తుంది. దాన్ని చంపడానికి మిషన్ సరిగ్గా దానికి ఎదురు తరంగం పుట్టిస్తుంది. కూత అంటే నిలకడగా సాగే ఒకే శ్రుతి. నిలబెట్టిన వేణుస్వరమూ అంతే. పాపం మిషన్‌కి రెండింటికీ తేడా తెలియదు. “మీ మిషన్ కొనకి ఉన్న మెత్తటి డోమ్ చెవిని పూర్తిగా మూయదు కదండీ, శబ్దం ఎక్కువ కారుతుంది, అందుకే అది అంత గట్టిగా పనిచేస్తోంది” అన్నారు. ఫ్యాన్ హోరు తగ్గించే ఫీచరే తంబూరాను కూడా వెనక్కి నెడుతోందట. ఇన్నాళ్లూ ఇంట్లో రేడియో వింటుంటే తంబూరా కాసేపటికి పలచబడిపోవడానికి కారణం అదేనన్నమాట.

ఆయన విడిగా ఒక మ్యూజిక్ ప్రోగ్రాం పెట్టారు. అందులో కూత ఆపేది లేదు, హోరు తగ్గించేది లేదు, పెంపు కూడా కాస్త తక్కువ. ఇప్పుడు మురళి నిలిచిన చోట నిలుస్తోంది, తంబూరా చివరిదాకా ఉంటోంది. చెయ్యి చెవి దగ్గరికి పోతే మాత్రం కీచుమంటుంది. కచేరీలో కదలకుండా కూర్చుంటాను.

మాటలకు అద్భుతం అని మొదట్లో ఇంటింటికీ చెప్పాను. పెళ్లి భోజనాల దగ్గర ఆ మాట అనలేను. పది గొంతుల్లోంచి ఒక్కదాన్ని ఏరుకునే పని చాలావరకు మెదడుది. రెండు చెవులకీ చేరే శబ్దాల్లోని చిన్న చిన్న తేడాలను బట్టి అది ఏరుకుంటుంది. మిషన్ మైకులు కొంతే సాయపడతాయి.

నా లోపం మధ్యరకం, నా ప్రాణం కర్ణాటక సంగీతం. ఎక్కువ లోపం ఉండి చెవికి అచ్చుతీసి మౌల్డ్ చేయించుకునేవారికి శబ్దం కారడమే తక్కువ, వాళ్లకు ఈ బాధ ఇంతగా ఉండకపోవచ్చు. సంగీతం మీద పెద్దగా ధ్యాస లేకపోతే మామూలు ప్రోగ్రామే చాలు. వినేవాళ్లయితే ట్రయల్లో ఉండగానే ఎవరిచేతనైనా ఎదురుగా మురళి వాయించుకుని వినండి. మ్యూజిక్ ప్రోగ్రాం ఉందా అని అడిగి ఊరుకోకండి, అందులో కూత ఆపే ఏర్పాటు పూర్తిగా ఆగుతుందా లేదా అన్నది కనుక్కోండి.